రెండు పడవలపై కాళ్లు
(రేడియో ప్రసంగ పాఠము)

గడచిన శీతకాలమున గ్రామీణ కార్యక్రమములకై పిల్లల ఆటపాటల ధ్వనులను రికార్డు చేసికొని రావలెనని మేము డిండి చేరువనున్న యొక పల్లెకు పోయితిమి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాలు ఒకదాని నొకటి ఒరసికొను తావది. ఎఱ్ఱని నేల, ఆ నేలనుండి వెన్నులెత్తిన నల్లని బండలు, బండల నడుమ ఆముదపు చేలు, దూరమున తాళ్లు. బడి ముందర మైదానమనునది ఉన్నదిగాని అందు గడ్డిపరక యొక్కటియు లేదు. అంచున వేపచెట్టు క్రింద చిన్న పిల్లలు చిర్రగోనె ఆడుచుండిరి. కోస్తా జిల్లాల శ్రోతలు దీనినే బిళ్లంగోడు అందురు. కొయ్యముక్క అంచుపై కఱ్ఱ తగిలినప్పుడు పుట్టు చప్పుడు, అది గాలిలో లేవగానే రెండవ దెబ్బ చప్పుడు - ఈ రెండింటికి నడుమనున్న నిశ్శబ్దమును రికార్డు చేయుట మిక్కిలి కష్టము. ఆ పనిలో మాకు గంటకాలము గడచెను.

ఆ గంటలో మైదానమునకు రెండవవైపున పెద్ద పిల్లలు మొదట కబడ్డీ, పిదప ఖోఖో ఆడిరి. రెండింటను ఒక కుఱ్ఱడు మా కంటికి ఆనెను. పదియవ తరగతి వాడు. బక్కపలుచని శరీరము, పొడుగు కాళ్లు. కబడ్డీలో కూతకు పోయినపుడు నలుగురు చుట్టుముట్టగా వారి నడుమనుండి జారి గీత నంటెను. ఖోఖోలో తరుమునపుడు పరుగు తగ్గకయే మలుపు తిరిగెను. వ్యాయామోపాధ్యాయుని, అనగా పిల్లలందరకు పీఈటీ సారును, అడుగగా ఆయన నవ్వలేదు. “గదే సార్ మా కష్టం,” అనెను. కబడ్డీ జట్టుకు జిల్లా ఎంపిక ఒక ఊరిలో, ఖోఖోకు ఎంపిక మరియొక ఊరిలో, రెండును ఒకే దినమున నిర్ణయింపబడినవట.

మధ్యాహ్నమునకు కుఱ్ఱని తండ్రియు వచ్చెను. ఈ ప్రాంతపు మెట్టభూములను నమ్ముకొని ఏడాది పొడుగున బ్రతుకలేక మట్టిపనులకు, కట్టడపు పనులకు దూరదేశములు పోవు కుటుంబములు వేలు. పాలమూరు కూలీలు త్రవ్వని కాలువ, మోయని ఆనకట్ట మన దేశమున అరుదు. ఆయనయు అట్టివాడే. రేడియోవారు వచ్చినారని విని మాకేదో తెలిసియుండునని తలచినాడు. “మేం వలసవోయెటోళ్లం సారూ. పోరడు ఏదన్న ఒక్కదాంట్ల నిలవడితె ఆట మీద నౌకరు దొరుకుతదంటున్నరు. రెండు పడవల మీద కాళ్లు వెడ్తె మునుగుతడు గదా? ఏదాట ఇడ్సిపెట్టమంటరో మీరే చెప్పుండ్రి,” అని అడిగెను.

మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఊళ్లోని పెద్దలు చెప్పవలసిన మాట మేము చెప్పరాదని మర్యాదగా తప్పించుకొంటిమి. కాని మరలివచ్చునపుడు దారి పొడుగునను ఆ ప్రశ్న మా వెంబడియే వచ్చెను. రెండు ఆటలను విడువక ఆడిన వారి కథలు మాకు కొన్ని తెలియును. వానినే నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

రెండు ఆటల ఆటగానికి ఒక ప్రత్యేకమైన గౌరవమును, ప్రత్యేకమైన పేరును ఇచ్చిన దేశము ఐర్లండు. ఆ దేశపు సొంత ఆటలలో ముఖ్యమైనవి రెండు: గేలిక్ ఫుట్‌బాలు, హర్లింగు. 1884లో తుర్లెస్ అను పట్టణమున నెలకొల్పబడిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ ఈ రెండింటిని ఒక్క గొడుగు క్రింద కాపాడుచు వచ్చినది. రెండింటికి మైదానమొక్కటే, జట్టునకు పదునైదుగురే, గోలు స్తంభములును అవియే. 2024 వరకు రెండింటను బంతిని అడ్డకమ్మి క్రిందుగా పంపిన మూడు పాయింట్లు, పైగా పంపిన ఒకటిగా నుండెను. భేదమెల్ల చేతిలోనున్నది. ఫుట్‌బాలులో బంతిని చేతబట్టి, నేలకు కొట్టి, కాలితో తన్ని పరుగెత్తుదురు. హర్లింగులో కొస వెడల్పైన యాష్ కఱ్ఱతో చిన్న బంతిని గాలిలోనే కొట్టుదురు. మన చిర్రగోనె పిల్లవానిని తీసికొనిపోయి ఆ మైదానమున నిలిపినచో వాడు మొదట బెదరునేమోగాని, గాలిలోనున్న దానిని కఱ్ఱతో కొట్టుట యెట్లో వానికి ఎవరును నేర్పనక్కరలేదు.

కార్క్ కౌంటీవాడైన జాక్ లించ్ 1941 మొదలు 1944 వరకు వరుసగా నాలుగేండ్లు అఖిల ఐర్లండు హర్లింగు పతకములు గెలిచెను. 1945లో ఫుట్‌బాలు పతకము గెలిచెను. 1946లో మరల హర్లింగు. ఆరేండ్లలో ఆరు పతకములు, నడుమ నొక్క ఏడు ఆట మార్చి. ఆ పిమ్మట ఆయన 1966లో ఐర్లండు ప్రధానమంత్రి యయ్యెను. ఆ కార్క్ కౌంటీకే చెందిన టెడ్డీ మెకార్తీ 1990లో ఒకే సెప్టెంబరు మాసమున, రెండు వారముల యెడముతో, హర్లింగు ఫైనలును ఫుట్‌బాలు ఫైనలును గెలిచిన జట్లలో ఆడెను. ఒకే యేట రెండు ఫైనళ్లలోను ఆడి గెలిచినవాడు ఆయన యొక్కడే. అక్కడి ఆటగాండ్రు జీతముకొరకు ఆడరు. తమ ఊరికొరకు, తమ కౌంటీకొరకు ఆడుదురు. పగలు ఉద్యోగము, సాయంకాలము సాధన. అయినను నేడు సాధన యంతయు శాస్త్రమై, గంటలు పెరిగి, రెండు ఆటలవారు అక్కడను అరుదగుచున్నారు.

ఇక మన దేశమునకు వత్తము. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు హైదరాబాదు రాజ్యమున భాగములై యున్న కాలమున ఆ రాజ్యమున సయ్యద్ మహమ్మద్ హాదీ అనునాయన యుండెను. 1899లో హైదరాబాదున జన్మించెను. ఈయనకు రెండాటలుగాదు, ఏడాటలు: క్రికెట్టు, టెన్నిసు, హాకీ, ఫుట్‌బాలు, టేబిల్ టెన్నిసు, చదరంగము, పోలో. అందుచేత జనులు ఆయనను ‘రెయిన్‌బో హాదీ’ యనిరి. తెలుగున ‘సింగిడి హాదీ’ యనవచ్చును. మా తెలంగాణమున ఇంద్రధనుస్సునకు సింగిడియే పేరు. కేంబ్రిడ్జిలో చదివి, 1924లో పారిస్ ఒలింపిక్సునందు టెన్నిసు ఆడి, 1924, 1925 సంవత్సరములలో డేవిస్ కప్పునందు భారతదేశము పక్షమున నిలిచెను. అంతటితో ఆగిన ఆయనను టెన్నిసు ఆటగాడనియే జ్ఞాపకముంచుకొందుము. కాని 1934-35లో రంజీ ట్రోఫీ పోటీలు మొదటిసారి జరిగినపుడు హైదరాబాదు పక్షమున మద్రాసుపై 132 పరుగులు చేసి అజేయుడై నిలిచెను. ఆ ట్రోఫీ చరిత్రలో మొట్టమొదటి శతకమదియే. ఆ పిదప ఎన్ని వేల శతకములు వచ్చినను మొదటిది మాత్రము ఒక టెన్నిసు ఆటగానిది.

హాదీ హైదరాబాదు రాజ్యమున వ్యాయామవిద్యకు అధికారిగా పనిచేసెను. మన జిల్లాల బడులలో డ్రిల్లు గంట, ఆటల గంట అనునవి కుదురుకొన్న కాలమది. తాను ఏడాటలాడినవాడు పిల్లలకు ఒక్క ఆట చాలునని చెప్పియుండునా? మాకు నమ్మబుద్ధి కాదు. ఇది మా ఊహ మాత్రమే సుమా.

హాదీకంటె మూడేండ్లు పెద్దవాడు కోట రామస్వామి. మద్రాసులో స్థిరపడిన తెలుగు నాయుళ్ల కుటుంబము. దక్షిణదేశమున భారతీయుల క్రికెట్టుకు తండ్రియని చెప్పదగిన బుచ్చిబాబు నాయుడు ఈయన కన్నతండ్రి. వేరొక ఇంటికి దత్తత పోవుటచే ఇంటిపేరు మారినది. దొరల క్లబ్బు మైదానమున భారతీయులకు సమాన స్థానము లేదని రోసి బుచ్చిబాబు 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బును నెలకొల్పెను. అట్టి యింట పుట్టిన బాలునికి బ్యాటు పట్టుట అన్నప్రాశనముతో సమానము. రామస్వామి ఎడమచేతి వాటమున బ్యాటింగు చేసెడివాడు.

అయితే ఈయన పేరు మొదట దేశాంతరమున వినబడినది క్రికెట్టు వలన కాదు. కేంబ్రిడ్జికి చదువనేగి టెన్నిసులో ఆరితేరి 1922లో డేవిస్ కప్పునకు భారత జట్టులో డబుల్సు ఆడెను. డాక్టరు ఫైజీ ఆయనకు జోడు. అప్పటికి భారతదేశమునకు టెస్టు క్రికెట్టు జట్టే లేదు. మన మొదటి టెస్టు 1932లో గదా. ఇంటికి మరలివచ్చి మద్రాసు ప్రభుత్వపు వ్యవసాయ శాఖలో ఉద్యోగమున ప్రవేశించెను. పైరుల నడుమ తిరుగు ఉద్యోగము. సెలవు దొరకినపుడు ఆట. ప్రతి సంక్రాంతికి మద్రాసులో దొరలకు భారతీయులకు జరుగు ప్రెసిడెన్సీ పోటీలో ఆయన బ్యాటుకొరకు జనులు ఎదురుచూచెడివారు. ఏండ్లు గడచినవి. ముప్పది దాటెను, ముప్పదియైదు దాటెను. లోకరీతిని చూచిన ఆటగాని కథ అక్కడితో ముగియవలెను.

1936లో భారత జట్టు ఇంగ్లండునకు ఓడ యెక్కినది. నాయకుడు విజయనగరము మహారాజకుమారుడు, ‘విజ్జీ’యని లోకము పిలిచిన విజయానంద గజపతిరాజు. తరువాతి కాలమున రేడియోలో క్రికెట్టు వ్యాఖ్యానము చేసిన మా వృత్తిబంధువు గనుక ఆయన నాయకత్వమును గూర్చి మేము ఎక్కువ పలుకము. ఆ పర్యటనలో కలహములు పెక్కు. లాలా అమర్‌నాథ్ మొదటి టెస్టుకు ముందే ఇంటికి త్రిప్పి పంపబడెను. కాని ఆ ఓడలో మరియొక వింత కలదు. డేవిస్ కప్పు ఆడిన ఇరువురు, హాదీయు రామస్వామియు, క్రికెట్టు ఆటగాండ్రుగా ఆ జట్టులోనుండిరి. వారితోపాటు హాకీలో పేరుపొందిన మద్రాసు వేగపు బౌలరు ఎం.జె. గోపాలన్ కూడ నుండెను. రెండు పడవలపై కాళ్లు పెట్టిన ముగ్గురు ఒకే పడవపై పయనించిరన్నమాట.

జూలై 25న మాంచెస్టరులోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానమున రెండవ టెస్టు ఆరంభమయ్యెను. రామస్వామికి అది మొదటి టెస్టు. వయస్సు నలువదేండ్లు నిండి నెలపైన గడచినది. మన జట్టు మొదటి ఇన్నింగ్సులో 203 పరుగులకే కూలినది. అందు రామస్వామివి 40. ఇంగ్లండు 8 వికెట్లకు 571 చేసి ఆపినది. 368 పరుగులు వెనుకబడి మరల ఆడవలసివచ్చెను. అప్పుడు విజయ్ మర్చంటు, ముష్తాక్ అలీ మొదటి వికెట్టునకు 203 పరుగులు చేర్చిరి. మొదటి ఇన్నింగ్సులో పదునొకండుగురు కలిసి చేసిన మొత్తమెంతో రెండవమారు ఇరువురు అంతయే చేసిరి. మర్చంటు 114, ముష్తాక్ 112. ఆ పునాదిపై రామస్వామి 60. ఆట డ్రా అయినది. ఆగస్టులో ఓవల్ మైదానమున మూడవ టెస్టు. రామస్వామి 29, పిదప అజేయముగా 41. ఆ టెస్టు ఓడిపోయితిమి. ఆయన టెస్టు జీవితమును అక్కడితో ముగిసినది.

రెండు టెస్టులు, నాలుగు ఇన్నింగ్సులు, 170 పరుగులు, సగటు 56.66. ఒక్కమారైనను 29కి తక్కువ చేయలేదు. ఈ అంకెలను చూచునప్పుడెల్ల మాకు రెండు తలంపులు కలుగును. ఇరువదియారవ యేట ఈయన టెన్నిసు రాకెట్టును విడిచి క్రికెట్టునే పట్టుకొనియున్నచో ఎంత యెత్తు పోయెడివాడో యనునది ఒకటి. అట్లు పట్టుకొనినను పోవుటకు 1922లో టెస్టు జట్టేది యనునది రెండవది. మొదటి తలంపు నిట్టూర్పు విడిపించును. రెండవది దానిని మింగివేయును. నలువదియవ యేట కన్ను, కాలు అట్లు పనిచేయుటకు టెన్నిసు కోర్టులోని పరుగే కారణమని వాదించువారు లేకపోలేదు. మేము వారి పక్షమే.

హాదీకి ఆ పర్యటనలో ఒక్క టెస్టును దక్కలేదు. రంజీ మొదటి శతకము చేసినవాడు టెస్టు ఆడకయే ఇల్లు చేరెను.

గోపాలన్ సంగతి యింతకంటె బరువైనది. ఆయన 1934 నవంబరు 4న రంజీ ట్రోఫీ చరిత్రలో మొట్టమొదటి బంతి వేసినవాడు. ఆ యేడాది జనవరిలో కలకత్తాలో ఒక టెస్టు ఆడియుండెను. 1935లో ధ్యాన్‌చంద్ మున్నగువారితో హాకీ జట్టులో న్యూజిలాండు పర్యటించి వచ్చెను. 1936 వేసవి రాగా రెండు పిలుపులు ఒకేసారి తలుపు తట్టినవి: క్రికెట్టుతో ఇంగ్లండునకా, హాకీతో బెర్లిన్ ఒలింపిక్సునకా? గోపాలన్ క్రికెట్టునే కోరుకొనెను. ఇంగ్లండులో ఒక్క టెస్టులోను ఆయనను ఆడింపలేదు. ఆగస్టు 15న ఓవల్‌లో మూడవ టెస్టు ఆరంభమయ్యెను. జట్టులో గోపాలన్ లేడు. సరిగా ఆ దినముననే బెర్లిన్‌లో హాకీ ఫైనలు జరిగి మనవారు జర్మనీని 8-1 గోల్సుతో ఓడించి స్వర్ణపతకము గెలిచిరి. రెంటికిని చెడిన రేవడియని మనవారు అందురు. గోపాలన్ రెంటికి చెడినవాడు కాడు, రెంటికిని తగినవాడు. తేదీలు కలిసిపోవుటయే ఆయన చేసికొన్న పాపము. ఆ పిమ్మటను మద్రాసు క్రికెట్టుకు పెద్దదిక్కై, దీర్ఘాయువై, 2003 వరకు జీవించెను.

రామస్వామి కథకు ఇంకను కొంత శేషమున్నది. 1952-53లో భారత జట్టు వెస్టిండీసు పోయినపుడు దానికి మేనేజరుగా పోయెను. 1966లో తన ఆటల జీవితమును ‘ర్యాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ అడిక్ట్’ అను పుస్తకముగ వ్రాసెను. పేరు చూడుడు: క్రికెట్టు వ్యసనపరుడని గాని టెన్నిసు వ్యసనపరుడని గాని చెప్పుకొనలేదు, ఆటల వ్యసనపరుడననెను. 1985 అక్టోబరులో, ఎనుబదితొమ్మిదవ యేట, ఒక దినమున ఇల్లు వెడలి మరల రాలేదు. ఎక్కడికి పోయెనో ఏమయ్యెనో ఎవరికిని తెలియలేదు. క్రికెట్టు గ్రంథములలో పుట్టిన తేదీ యెదుట మరణపు తేదీ వ్రాయుటకు తావులేక, మరణించినట్లు భావింపబడెనని మాత్రము వ్రాసికొనిరి.

ఈ కథలన్నియు ఆ తండ్రికి చెప్పినచో ఆయన యేమనును? వీరు జమీందారుల ఇండ్లవారు, పట్నపు క్లబ్బులవారు, కేంబ్రిడ్జి చదివినవారు; ఒక పడవ మునిగినను ఒడ్డున అన్నము సిద్ధము, అనును. ఆ మాట నిజమే, హాదీకి రామస్వామికి సంబంధించినంత వరకు. అందుకే మేము ఆ కుఱ్ఱనికి ఏ యాటను విడువుమని గాని రెండును పట్టుకొనుమని గాని సలహా చెప్పజాలము. కాని పీఈటీ సారు చెప్పిన యొక మాట మాత్రము విడువరానిది. కబడ్డీకి ఊపిరిని బిగబట్టుట, బరువును తట్టుకొనుట కావలెను. ఖోఖోకు తేలికయైన నడుము, తటాలున మలగు పాదము కావలెను. పదునైదేండ్ల వయస్సున ఈ రెండును ఒకదానికొకటి సాయము. ఇరువదియైదు వచ్చునప్పటికి ఒకదానికొకటి పగ. కనుక కోరుకొనవలసిన గడియ ఎప్పుడైనను రాకతప్పదుగాని, అది పదియవ తరగతిలోనే, అదియును ఎవరో రెండు కాగితములపై ఒకే తేదీ వేసినందుననే రావలెనా? ఎంపికల తేదీలు నిర్ణయించు రెండు సంఘములవారు ఒకరితో నొకరు ఒక్కమారు ఫోనులో మాటలాడుకొనిన ఎంత ఖర్చగును? 1936లో ఓవల్‌కు బెర్లిన్‌కు నడుమ సముద్రముండెను. ఈ రెండు ఊళ్ల నడుమ నున్నది ఆర్టీసీ బస్సు.

మొన్న పీఈటీ సారు మాకు ఫోను చేసెను. ఎంపిక దినమున కుఱ్ఱడు ఉదయము కబడ్డీ ఆడి, కాలిమట్టి కడుగకయే బస్సెక్కి, మధ్యాహ్నము మూడుగంటలకు రెండవ ఊరు చేరెనట. అక్కడ ఖోఖో జట్టు జాబితాలో చివరి పేరు వ్రాయుచుండిరట. “కబడ్డీల ఎక్స్‌ట్రాల పెట్టిండ్రు సార్. ఖోఖోల ఉరికిచ్చి సూసిండ్రు, పేరు తర్వాత చెప్తమన్నరు,” అని చెప్పెను. తండ్రి యేమనెనని అడిగితిమి. ఆయన అంతకు నాలుగు దినముల ముందే పనికి పట్నము పోయినాడట. కొడుకు ఆ రాత్రి ఫోను చేసి రెండు ఊళ్ల సంగతియు చెప్పగా, బస్సు కిరాయి ఎవరిచ్చిరని మాత్రము అడిగెనట.